పట్టుకుంటే కదా వదలడానికి

“ఇదిగో, ఇక్కడ. ఈ గీత మీద,” అంటూ ఆడపడుచు పెన్ను మూత తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. “నాది అయిపోయింది. నీ సంతకమొక్కటే మిగిలింది.”

తమ్ముడు పెన్ను అందుకున్నాడు కానీ కాగితం వంక చూడలేదు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. కళ్ళజోళ్ళ షాపు నడిపే మనిషి. అద్దాన్ని చొక్కాతో తుడవకూడదని షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పే మనిషి. ఇంట్లో గొడవ మొదలైతే మాత్రం ఆయన చేతికి దొరికేది ఆ చొక్కా అంచే.

వంటింటి గుమ్మంలో కోడలు టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని నిలబడిపోయింది. కాగితంలో ఉన్నదంతా ఆమె గురించే. అయిదు నిమిషాల క్రితం ఆడపడుచు ఆమె ఎదురుగానే పైకి చదివింది, ఒక్క మాట తడబడకుండా. కోర్టులో ఇరవై రెండేళ్ళుగా టైపిస్టు. ఎలా రాస్తే ఎక్కడ తగులుతుందో ఆవిడ వేళ్ళకి తెలుసు.

‘కిందటి వారం సోమవారం ఉదయం పదిన్నర గంటల ప్రాంతంలో, సామూహిక వ్యాయామం జరుగుచుండగా, డెబ్బై ఎనిమిదేళ్ళ మా తల్లి నేలపై పడి కుడి మణికట్టు విరిగినది. వ్యాయామం చేయించు వ్యక్తి నిర్లక్ష్యమే ఇందుకు కారణం. కావున ఆ వ్యక్తిని తొలగించి, సదరు క్లాసును శాశ్వతంగా రద్దు చేయవలసిందిగా…’

“నిర్లక్ష్యం అని రాశారు,” అంది కోడలు. “ఆ రోజు మీరు అక్కడ లేరు కదా వదినా.”

“లేను. నేనుంటే మా అమ్మ పడేదే కాదు.”

“నేను చూస్తూ చూస్తూ పడేశానంటారా?”

“ఏం చూశావో నీకే తెలియాలి. పది రోజుల్నుంచి అడుగుతున్నా, ఎందుకు పడిందీ అని. నువ్వు చెప్పవు. అమ్మ చెప్పదు. అత్తాకోడళ్ళిద్దరూ ఒకే గూటి పక్షులు.”

“అక్కా, నెమ్మదిగా,” అన్నాడు తమ్ముడు.

“నెమ్మదిగా ఏంట్రా? నాలుగు నెలల క్రితం కూడా ఇలాగే నెమ్మదిగా ఉన్నావు. అమ్మని వృద్ధుల హోములో పెడతామంటే నేను గొంతు చించుకున్నాను. నీ పెళ్ళాం ఏమంది? ‘ఇంట్లో పగలంతా ఒక్కరే ఉండి ఏం చేస్తారు, అక్కడైతే నా క్లాసులో ఉంటారు, నా కళ్ళ ముందుంటారు’ అంది. ఉందిగా కళ్ళ ముందు! చెయ్యి విరిగి, లేవమంటే వణికిపోతూ!”

కోడలు పళ్ళెం బల్ల మీద పెట్టింది. హోములోకి వస్తానని అడిగింది అత్తగారే. నలుగురి మధ్య ఉంటానని, నీ క్లాసులో చేరతానని పంతం పట్టి మరీ అడిగింది. ఆ సంగతి అప్పుడూ చెప్పింది, నిన్నా చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఆడపడుచు గొంతు ఉన్నట్టుండి దిగిపోయింది.

“సరిగ్గా ఆ టైముకే నేను ఫోన్ చేశాన్రా తమ్ముడూ. నాలుగు నెలలు మాట్లాడకుండా ఉండి, ఆ రోజు పొద్దున్న ఎందుకో ఉండబట్టలేక చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. అప్పుడూ ఎత్తలేదు. ఇంకా పంతం దిగలేదా ముసల్దానికి, అని తిట్టుకున్నాను. తిట్టుకున్నాన్రా! అక్కడ మా అమ్మ నేల మీద పడి ఉంది.”

కోడలు గ్లాసులు ఒకటొకటిగా సర్దింది. సర్దడానికి ఏమీ లేకపోయినా సర్దింది. నోటి దాకా వచ్చిన మాటని మింగడానికి చేతులకి ఏదో ఒక పని కావాలి.

“పదకొండింటికి హోము మేట్రన్ పిలిచింది కదా,” అన్నాడు తమ్ముడు చివరికి. “అక్కడే అమ్మని అడుగుదాం. అమ్మ ఏం చెప్తే అది.”

“అమ్మ చెప్తే సంతకం పెడతావా?”

“పెడతాను.”

కర్ర విరగకూడదు, పాము చావకూడదు. పదిహేడేళ్ళ కాపురంలో ఆయన చేసిన తీర్పులన్నీ ఇలాంటివే. ఆడపడుచు కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, ఆటో కోసం వీధిలోకి నడిచింది.

ఇంట్లో ఇద్దరే మిగిలారు.

“అసలు ఏం జరిగింది?” అడిగాడు భర్త.

“చెప్పాను కదండీ. లేచారు, తిరిగారు, పడ్డారు.”

“ఎందుకు తిరిగింది?”

ఆమె గ్లాసులు మళ్ళీ పళ్ళెంలోకి ఎక్కించింది.

“ఇలా నోరు కుట్టేసుకుంటే నేనేమనుకోవాలి?”

“మీకేమనిపిస్తే అదే అనుకోండి.”

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆమె ముఖంలోకి చూశాడు. ఏమీ కనిపించలేదేమో, చెప్పులు వేసుకుని అక్క వెనకే వెళ్ళిపోయాడు.

*

హోములో కింది హాలు తలుపు గడియ పెట్టి ఉంది. కిటికీలోంచి చూస్తే పన్నెండు కుర్చీలూ గోడ పక్కన ఒకదాని మీద ఒకటి ఎక్కించి కనిపించాయి. సోమ, బుధ, శుక్రవారాల్లో పదిన్నరకి అవి గుండ్రంగా ఉండేవి. తువ్వాలు చుట్టలు పట్టుకుని చేతులు పైకెత్తడం, కూర్చున్నచోటే కవాతు, బంతి చేతులు మార్చడం, చివరికి అసలైన పని: చెయ్యి ఆనించకుండా కుర్చీలోంచి లేచి నిలబడటం, కూర్చోవడం. అయిదుసార్లు.

బయటివాళ్ళకి చూడటానికి పిల్లలాటలా ఉంటుంది. లోపల ఉన్నవాళ్ళకి అది ప్రాణం. నెలకోసారి మేట్రన్ ఒక్కొక్కరినీ కుర్చీలోంచి లేచి గుమ్మం దాకా నడవమంటుంది. నడిస్తే కింద ఉంటారు. నడవలేకపోతే పై అంతస్తు. అక్కడ మంచాలకి కడ్డీలుంటాయి, కిటికీలకి తెరలుంటాయి, కుర్చీలుండవు. ‘ఈ హోములో పైకి పోవడం రెండు రకాలు. ఒకసారి లిఫ్టులో, ఒకసారి లిఫ్టు లేకుండా. మధ్యలో పెద్ద తేడా ఏమీ లేదు,’ అంటాడు కండక్టర్ తాత.

ఆయన వరండాలో గోడ పట్టుకుని వస్తూ కోడలికి ఎదురయ్యాడు. ముప్పై మూడేళ్ళు బస్సులో నిలబడి పనిచేసిన మనిషి. ఇప్పుడు చేతులు వణుకుతాయి, అడుగు పడదు. క్లాసులో మాత్రం లెక్కపెట్టేది ఆయనే. ఒకటి, రెండు అనడు. “రైట్… రైట్… పోనీ!” అంటాడు. పన్నెండు మందీ లేస్తారు.

“ఎక్కడికి తాతా, ఒక్కరే?”

“మేట్రనమ్మ పిలిచింది. పక్క కుర్చీవాణ్ణి కదా, సాక్ష్యం చెప్పాలిట.” ఆయాసంతో ఆగాడు. “మా గది నుంచి ఇక్కడిదాకా ఇరవై నిమిషాలు పట్టిందమ్మా. నాలుగు క్లాసులు పోయాయి. బండిని షెడ్డులో పెడితే ఏమవుతుంది? తుప్పు పడుతుంది. దర్జీ కొట్టులో గుండీలు కుట్టిన మా బటన్ల బామ్మ అయితే నిన్నట్నుంచి మంచం దిగడమే లేదు. మళ్ళీ ఎప్పుడు మొదలెడతావు?”

“పెడదాం తాతా.”

“నీ ముఖం చూస్తే అలా లేదే!”

ఆమె అత్తగారి గదిలోకి నడిచింది.

అత్తగారు మంచం పక్కన చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. కుడి చేతికి మోచేతి దాకా కట్టు. ప్రెస్సులో పుస్తకాలు కుట్టి బైండింగు చేసిన చెయ్యి అది. రోజుకి నలభై పుస్తకాలు కుట్టేదాన్నని చెప్పుకునేది. తల నున్నగా దువ్వి, జడ వేసి ఉంది.

“మీ వదిన వేసింది,” అంది అత్తగారు జడ ముందుకి తీసి చూపిస్తూ. “పది రోజులుగా రోజూ వస్తోంది. పెళ్ళయ్యాక నా తల దువ్వడం ఇదే మొదలు.”

కోడలు ఆవిడ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. “ఒకసారి లేద్దాం అత్తయ్యా. తుంటి బాగానే ఉందని డాక్టరే చెప్పారు. మడమలు వెనక్కి. ముక్కు కాలివేళ్ళ మీదికి రావాలి. ఎడమ చెయ్యి తొడ మీద. ఊఁ.”

ఆమె రెండు చేతులూ అత్తగారికి చెరోవైపు, జానెడు దూరంలో ఆగి ఉన్నాయి. తాకలేదు. ఆమె పద్ధతే అంత. పట్టుకుని లేపితే కాళ్ళు నేర్చుకోవు, పట్టుకునే చేతికి అలవాటు పడతాయి. మూడేళ్ళుగా ఎవరినీ పట్టుకుని లేపలేదు.

అత్తగారు ముందుకి వంగింది. మళ్ళీ వెనక్కి కూలబడింది.

“నా వల్ల కాదే తల్లీ. వంగితే చాలు, నేల పైకి లేచొస్తున్నట్టుంది.”

“రేపు పరీక్ష అత్తయ్యా. రేపు లేవకపోతే…”

“తెలుసు.”

కోడలు గొంతు తగ్గించింది. “ఇంకాసేపట్లో అందరి ముందూ అడుగుతారు. నిజం చెప్పెయ్యండి. మీ కాళ్ళు పట్టుకుంటాను. నా ఉద్యోగం కోసం కాదు. మిగతా పదకొండు మంది ఉన్నారు. బటన్ల బామ్మ పడకేసింది. కండక్టర్ తాత గోడ పట్టుకుని నడుస్తున్నాడు.”

“ఒట్టు వేశావు నాకు.”

వేసింది. ఆసుపత్రికి వెళ్ళే వ్యానులో, విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అత్తగారు బతిమాలితే, ఆ తల మీద చెయ్యి పెట్టి వేసింది. అప్పటికి ఆ ఒట్టు ఇంత బరువని తెలియదు.

ఆ సోమవారం అందరూ కుర్చీల వెనక నిలబడి, వాటి అంచు పట్టుకుని మడమలు ఎత్తుతున్నారు. కోడలు అటు చివర ఎవరికో జారిపోయిన రబ్బరు పట్టీ సరిచేస్తోంది. కిటికీకి తగిలించిన సంచిలో ఫోను మోగింది. క్లాసులో ఎవరి ఫోనూ ఎవరూ ఎత్తరు. కానీ ఆ మోత వేరు. కూతురు చేస్తే తెలిసేలా అత్తగారు కోడలితోనే వేరే పెట్టించుకుంది. నాలుగు నెలలుగా మోగని మోత.

“చిట్టి!” అంది అత్తగారు. కుర్చీ వదిలేసి ఒక్కసారిగా తిరిగింది. పాదం కుర్చీ కాలికి తగులుకుంది. కోడలు రెండంగల్లో వచ్చింది. మూడో అంగ అందలేదు. అత్తగారు నేల మీద ఉండగానే ఫోను మళ్ళీ మోగింది. “ఎత్తు… వద్దు, ఎత్తకు. నా గొంతు వింటే దానికి తెలిసిపోతుంది,” అంది ఆవిడ, పళ్ళ బిగువున.

“వదినకి చెప్తే ఏమవుతుంది అత్తయ్యా? బాధపడతారు, ఏడుస్తారు. అంతేగా?”

“నీకు తెలియదు దాని సంగతి.” అత్తగారు ఎడమ చేత్తో జడ కొస పట్టుకుంది. “చిన్నప్పుడు తమ్ముణ్ణి ఎత్తుకుని పడేసింది. మెట్ల మీద. వాడికి ఏమీ కాలేదు. కానీ ఏడాది పాటు వాణ్ణి ముట్టుకోలేదు. తన వల్ల తప్పయిందంటే అది తప్పు దిద్దుకోదు, మనిషినే వదిలేస్తుంది. తను ఫోన్ చెయ్యబట్టి అమ్మ పడిందని తెలిస్తే ఈ జన్మలో మళ్ళీ ఫోన్ చెయ్యదు. ఈ గుమ్మం తొక్కదు.”

“మరి ఏమని చెప్తారు?”

“కళ్ళు తిరిగాయంటాను.”

“కళ్ళు తిరిగేవాళ్ళని పరీక్ష కూడా లేకుండా పైకి పంపుతారు.”

“నేల జారిందంటాను.”

“అప్పుడు హాలు మూసేస్తారు. క్లాసు పోతుంది.”

అత్తగారు శాలువా సర్దుకుంది. బయట ఎవరో బకెట్టు లాక్కుంటూ వెళ్ళారు. తర్వాత ఆవిడ కోడలి వంక చూసింది. ఆ చూపులో ప్రేమ ఉంది, ఇంకేదో కూడా ఉంది. కోడలికి అది అప్పుడు అర్థం కాలేదు.

“ఏదో ఒకటి చెప్తాలే. పద,” అంది.

*

మేట్రన్ గదిలో నాలుగు కుర్చీలే పట్టాయి. మేట్రన్ చెడ్డ మనిషేమీ కాదు. ముప్పై ఆరు మంది ముసలివాళ్ళు, పూటకి ఇద్దరు ఆయాలు, నిద్ర చాలని కళ్ళు. పడిన రోజు సాయంత్రం ఆవిడ కోడలితో ఒక మాట అంది: “కూర్చున్నవాళ్ళు పడరమ్మా. పడుకున్నవాళ్ళు అసలే పడరు.” కోపంగా అనలేదు. చలికాలం చలిగా ఉంటుందన్నట్టు అంది.

ఆడపడుచు ఇచ్చిన కాగితం ఆవిడ ముందుంది. దాని కింద ఒక సంతకం, పక్కన ఒక ఖాళీ గీత.

“పెద్దమ్మా, మీరే చెప్పాలి,” అంది మేట్రన్. “ఆ రోజు ఏం జరిగింది?”

అత్తగారు కట్టు ఉన్న చేతిని శాలువా కిందికి లాక్కుంది. కూతురు ఆవిడ కుర్చీ పక్కనే నిలబడి భుజం మీద చెయ్యి వేసింది.

“చెప్పమ్మా. నేనున్నాను. భయపడకు.”

“లేచి నిలబడ్డాను,” అంది అత్తగారు, బల్ల వంక చూస్తూ. “చెయ్యి పట్టుకుంది. పట్టుకుందని ధైర్యంగా అడుగేశాను.”

“ఎవరు పట్టుకున్నారు?”

“కోడలు.”

“తర్వాత?”

“వదిలేసింది.”

మేట్రన్ కాగితం మీద ఖాళీ గీత వంక చూసింది.

ఇందాక అత్తగారు గదిలో తనని చూసిన ఆ చూపు ఏమిటో కోడలికి ఇప్పుడు తెలిసింది. కళ్ళు తిరిగాయంటే ఆవిడ పైకి పోవాలి. ఫోను మోగిందంటే కూతురు పోతుంది. నేల జారిందంటే క్లాసు పోతుంది. అన్నీ తనే ఒక్కొక్కటిగా కొట్టేసి ఇచ్చింది. ఇక మిగిలింది తనే.

“విన్నావురా తమ్ముడూ?” ఆడపడుచు కేక వేయలేదు. వేసి ఉంటే బాగుండేది. “పట్టుకుని వదిలేసిందట. నీ భార్య.”

భర్త భార్య వైపు తిరిగాడు. “నిజమేనా?”

ఆమె అత్తగారిని చూసింది. ఆవిడ తలెత్తలేదు. నున్నగా దువ్విన పాపిట మాత్రం కనిపించింది. ఎంత తిన్నగా తీశారో ఆ పాపిట!

“నిజమేనా అంటే మాట్లాడవేం?”

“నిజమే,” అంది కోడలు. “వదిలేశాను. తప్పు నాది.” మేట్రన్ వైపు తిరిగి గబగబా అనేసింది: “నాది మాత్రమే మేడం. క్లాసుది కాదు. నన్ను తీసేసి ఇంకొకర్ని పెట్టుకోండి. ఏమేం చెయ్యాలో అన్నీ రాసిస్తాను. ఆపకండి చాలు.”

“ఇంకొకరు ఎక్కడ దొరుకుతారమ్మా?” మేట్రన్ నిట్టూర్చింది. “మీరు దొరకడమే కష్టమైంది. ఒకసారి మనిషి పడ్డాక ఇంకెవరొచ్చినా యాజమాన్యం ఒప్పుకోదు. క్లాసు ఇక ఉండదు. సంతకం పెట్టండి సార్.”

భర్త పెన్ను తీశాడు. ఈసారి కళ్ళజోడు తుడవలేదు.

“ఆగండాగండి!”

గుమ్మంలో కండక్టర్ తాత. ఒక చేత్తో తలుపు, ఇంకో చేత్తో గోడ పట్టుకుని ఊగుతున్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు.

“వదిలేసిందా? ఈవిడా?” ముసలాయన నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. “అమ్మా మేట్రనమ్మా, పట్టుకుంటే కదా వదలడానికి! మూడేళ్ళలో ఒక్కనాడు నా చెయ్యి పట్టుకున్న పాపాన పోలేదు ఈ టీచరమ్మ. పడతానమ్మా అని ఏడిచినా పట్టుకోదు. ‘మీ కాళ్ళున్నాయి తాతా, నాతో ఏం పని’ అంటుంది. కావాలంటే పన్నెండు మందినీ అడుగు.”

“తాతా, మీరు ఊరుకోండి,” అంది కోడలు. ఆ మాట అరుపులా వచ్చింది.

“ఎందుకు ఊరుకోవాలి? ఆ టైముకి నువ్వు అటు చివర ఉన్నావుగా, ఎవరిదో పట్టీ జారిపోతే! పెద్దావిడ పాపం తనంతట తనే తిరిగింది. ఫోను మోగితేనూ.”

“తాతా!”

“ఏ ఫోను?” అంది ఆడపడుచు.

కోడలు కళ్ళు మూసుకుంది. ముసలాయనకి ఒట్ల సంగతి ఎవరూ చెప్పలేదు. ఆయన చూసింది చూసినట్టు, టిక్కెట్టు చించిచ్చినట్టు చెప్పుకుపోయాడు.

“ఆవిడ సంచిలో ఫోనమ్మా. చిట్టి, చిట్టి, అంటూ ఎగిరినట్టు తిరిగింది. అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు ఆ ముఖంలో. పడిపోయాక కూడా మోగుతూనే ఉంది.”

ఆడపడుచు చెయ్యి తల్లి భుజం మీద నుంచి మెల్లగా లేచింది. గాల్లో కాసేపు ఆగింది. ఆవిడ తల్లిని చూసింది. తల్లి ఇప్పుడు తలెత్తింది.

“చిట్టీ,” అంది. “నువ్వు చెయ్యడం వల్ల కాదే. నేనే… నా పాదం…”

ఆడపడుచు కుర్చీ మీద సంచి తీసుకుంది. తలుపు దగ్గర ముసలాయన తప్పుకోవడానికి చాలాసేపు పట్టింది. ఆయన పక్కకి జరిగే దాకా ఆవిడ తల వంచుకుని నిలబడింది. తర్వాత వెళ్ళిపోయింది. వరండాలో చెప్పుల చప్పుడు ముందు నడకలా, తర్వాత పరుగులా వినిపించింది.

“చిట్టీ! ఒసే చిట్టీ! ఒరే, వెళ్ళరా, దాన్ని ఆపరా!”

కొడుకు లేచాడు. తల్లిని చూశాడు, తలుపు చూశాడు, పరిగెత్తాడు.

బల్ల మీద కాగితం అలాగే ఉంది. మేట్రన్ దాన్ని తీయలేదు, చింపలేదు. ఏం చెయ్యాలో ఆవిడకీ తెలిసినట్టు లేదు.

“అత్తయ్యా,” అంటూ కోడలు కుర్చీ దగ్గరికి వచ్చింది.

“చెప్పించావు కదూ!”

“లేదత్తయ్యా. నేనేమీ చెప్పలేదు. తాత ఇలా చెప్తాడని నాకు…”

“ఒట్టు తీసి గట్టు మీద పెట్టావు. నా నోటితో అబద్ధమాడించావు, వాడి నోటితో నిజం చెప్పించావు. రెండూ నువ్వే.” అత్తగారి గొంతులో ఏడుపు లేదు. ఎండిపోయినట్టుంది. “పదిరోజులు నా బిడ్డ నా పక్కన కూర్చుంది. చెయ్యి విరిగితే విరిగింది, ఇంకో చెయ్యి కూడా విరిగినా బాగుండును అనుకున్నాను. నీకు ఆ కుర్చీలే ఎక్కువయ్యాయి.”

“నేను చెప్పలేదు అత్తయ్యా. మీ మీద ఒట్టు.”

“ఇంకో ఒట్టా?”

కోడలు చాచిన చేతిని వెనక్కి తీసుకుంది.

“మేట్రనమ్మా,” అంది అత్తగారు, “పరీక్ష రేపటిదాకా ఎందుకు? నేను లేవలేను. లేవను. ఇవాళే పైకి తీసుకెళ్ళండి.”

“కోపంలో అనకండి పెద్దమ్మా. రేపు చూద్దాం.”

“కోపం కాదు. ఎవరికోసం లేవాలి?”

*

లిఫ్టులో చక్రాల కుర్చీ, దాన్ని తోసే ఆయా, ఇద్దరే పడతారు. కోడలు తలుపు పట్టుకుంది.

“నేనూ వస్తానత్తయ్యా. మంచం సర్ది వెళ్తాను.”

“చెయ్యి తియ్యి. నలుగుతుంది,” అంది అత్తగారు. అంతే అంది.

తలుపు మూసుకుంది.

కోడలు మెట్లెక్కింది. మొదటి మలుపు దాకా నడిచింది, తర్వాత రెండేసి మెట్ల చొప్పున ఎక్కింది. ఏం చెప్పాలో తెలియదు. వదినని ఎలాగైనా తీసుకొస్తానని చెప్పాలి. కాళ్ళ మీద పడి అయినా తీసుకొస్తానని. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి లేవమని బతిమాలాలి. ఇవాళ లేస్తే రేపు మళ్ళీ కిందికి తెచ్చుకోవచ్చు. వారం పడుకుంటే ఆ కాళ్ళు ఇక లేవవు. అది ఆమెకి తెలిసినంతగా ఈ భవనంలో ఎవరికీ తెలియదు.

పై అంతస్తులో తలుపుకి జాలీ ఉంది. పగలే లైట్లు వేసి ఉన్నాయి. వరసగా మంచాలు, వరసగా కడ్డీలు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. చివరి మంచం దగ్గర ఒక ఆయా అత్తగారి కాళ్ళు ఎత్తి పరుపు మీద పెడుతోంది. కొత్త మనిషి, మొన్ననే చేరినట్టుంది.

కోడలు జాలీ తోసుకుని లోపలికి వెళ్ళింది.

“ఆగండి మేడం.” ఆయా అడ్డం వచ్చింది. “ఇంటివాళ్ళయితేనే లోపలికి. అది కూడా సాయంత్రం నాలుగింటికే. మీరెవరు?”

“ఆవిడ మా అత్తగారు.”

ఆయా మంచం వైపు తిరిగింది. కొత్తగా చేరినవాళ్ళకి ఉండే భయం, మర్యాద రెండూ ఉన్నాయి ఆమె గొంతులో.

“బామ్మగారూ, ఈవిడ మీ కోడలేనా? కాసేపు ఉండనివ్వమంటారా?”

అత్తగారు తల తిప్పింది. కోడలిని పాదాల నుంచి ముఖం దాకా నిదానంగా చూసింది. పదిహేడేళ్ళుగా చూస్తున్న ముఖాన్ని ఇంకొక్కసారి చూసినట్టు చూసింది.

“కాదమ్మా,” అంది. “కింద వ్యాయామం చేయించేదట. ఎవరో.”

తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆయా మంచానికి రెండో పక్క కడ్డీ పైకెత్తి బిగించింది. వచ్చి, కోడలి కోసం జాలీ తలుపు తెరిచి పట్టుకుంది.

“మన్నించండి మేడం,” అంది. “ఈ అంతస్తులో వ్యాయామం లేదు.”